వీధి గీత దాటిన అరుగు

నల్లగొండ,
12 ఆగస్టు 1949

దశరథం బావకు,

నిర్మల ఈ మంగళవారం సాయంత్రం పోయింది.

నీ చెల్లెలి ఆఖరి రోజు ఎట్లా గడిచిందో అత్తమ్మ అడుగుతుంది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దున జ్వరం కొంచెం తగ్గినట్టు కనిపించింది. రెండు చెంచాల గంజి తాగింది. జుట్టు చిక్కు పడిందని, దువ్వమని అడిగింది. పక్క గది సోమమ్మను పిలుద్దామంటే ఆమె పురిట్లో ఉంది. పిల్ల పుట్టి మూడో రోజు. నేనే దువ్వాను. సరిగా రాలేదు. కచేరీకి పోవా అని అడిగింది. పోనన్నాను. మధ్యాహ్నం దవాఖాన నుంచి డాక్టరు వచ్చాడు. నాడి చూసి, నన్ను గది బయటికి పిలిచి, విషజ్వరం ముదిరిందని, ఇక తన చేతిలో ఏమీ లేదని చెప్పాడు. ఆ తరువాత వాన పట్టుకుంది. ఇంటి యజమాని బుచ్చయ్య ఒకసారి వచ్చి పోయాడు. దీపాలు పెట్టే వేళకు కొంచెం ముందు, వీధి అరుగు మీద ప్రాణం పోయింది. నేను పక్కనే ఉన్నాను. బాధపడినట్టు కనిపించలేదు.

మీ కోసం ఆగాలనుకున్నాను. సూర్యాపేట దారిలో మిలిటరీ వాళ్లు అనుమతి చీటీ లేని బండ్లను వెనక్కి పంపుతున్నారు. మీకు కబురంది, మీరు చీటీ తెచ్చుకుని రావాలంటే ఎన్నాళ్లు పట్టేదో తెలియదు. బుధవారం పొద్దున దహనం చేశాం. సోమమ్మ భర్త జంగయ్య కట్టెలు మోశాడు. కట్టెలు తడిసి ఉన్నాయి. చాలాసేపు పట్టింది.

అమృతకు చెప్పవద్దు. జ్వరం పిల్లకు అంటకూడదని ఆషాఢంలో నువ్వు తీసుకుపోయినప్పుడు, అమ్మ నయమయ్యాక వచ్చి తీసుకుపోతుందని చెప్పి పంపాం. ఆరేళ్ల పిల్ల. ఎదురుగా కూర్చోబెట్టుకుని నేనే చెబుతాను.

ఇలాంటి ఉత్తరం మూల చించి పంపడం మన అలవాటు. చించలేదు. పోస్టు జవాను చేతిలోంచి ఉత్తరాలు అందుకునేది అమృతేనని నువ్వే రాశావు.

రఘుపతి

*

తిరుమలగిరి,
22 ఆగస్టు 1949

రఘుపతి బావకు,

నువ్వు కాలేజీ చదివినోనివి. నాకు మాట్లాడినట్టే రాయ వస్తది. ఏం రాయాల్నో తెలియక కాగితం ముందర పెట్టుకుని ఎన్నిసార్లు లేచిన్నో.

నీ ఉత్తరం అమృతే అందుకుంది. బాపు రాసిండని వాకిలంతా ఉరికొచ్చి నా చేతికిచ్చి, చదువు మామా అని ఎదురుగ కూచుంది. మొదటి వరుస చూసి, ఇది మిలిటరీ క్యాంపుకు సంబంధించిన కాగితమని చెప్పి కొట్టంలకు పోయిన. ఎడ్ల నడుమ నిలబడి చదివిన. ఇంట్లకు వచ్చేసరికి అమ్మ నా మొఖం చూసి పొయ్యి ఆర్పేసింది.

చావు కబురు తెచ్చిన కాగితం ఇంట్ల ఉండొద్దు గనక ఆ పొద్దే చింపి వాగుల వేసిన.

మా పంతులు లెక్క చూసి, శ్రావణ పున్నమి మరునాడంటే ధనిష్ఠ అన్నడు. ఆ నచ్చత్రంల ఇంటి లోపల పోతే ఆరు నెలలు ఇల్లు పాడు పెట్టాలె, గడపకు ముండ్లకంప కొట్టాలె, లేకుంటే దోషం బిడ్డకు తగుల్తదన్నడు. అమ్మ అప్పటిసంది అమృతను కండ్ల ముందరనుంచి కదలనిస్తలేదు. నువ్వు ఇల్లు విడిచినవా లేదా రాయి. అమ్మ ఇంకోటి గూడ అడగమన్నది. వాన పడుతుంటే నిర్మల అరుగు మీదికి ఎందుకొచ్చింది?

ఇక్కడ దీపం పెట్టుకోవాలన్నా భయంగ ఉన్నది. దీపముంటే సంగపోళ్ల దళాలకు అన్నం పెడుతున్నరని క్యాంపోళ్లు అంటరు. దీపం లేకుంటే ఎవర్ని దాస్తున్నరని అంటరు. మా పాలేరును పొద్దున తీస్కపోయి మాపటికి ఇడిచిపెట్టిన్రు. ఏం అడిగిన్రో చెప్తలేడు. పల్లికాయ కలుపు తీసే మనిషి దొరుకుతలేదు.

అమృత జొన్న చొప్పతోని జడలు అల్లడం నేర్చుకున్నది. అమ్మ వచ్చినంక చూపిస్తనంటది.

ఇట్లు,
దశరథం

*

నల్లగొండ,
2 సెప్టెంబరు 1949

బావా,

ఇల్లు విడవనక్కరలేదు. ఇక్కడి పంతులు కూడా ధనిష్ఠే అన్నాడు. అయితే నిర్మల గడప దాటిన తరువాత పోయింది కనుక ఇంటికీ, ఇంట్లోవాళ్లకూ దోషం లేదన్నాడు. అమృతకు ఏమీ కాదు. అత్తమ్మకు ఈ మాట చదివి వినిపించు. ధైర్యంగా ఉంటుంది.

బుచ్చయ్య ఇల్లు నువ్వు చూడలేదు. నడుమ వాకిలి, చుట్టూ గదులు, గదికో కుటుంబం. మొత్తం నాలుగు కుటుంబాలం కిరాయికి ఉన్నాం. అందరికీ ఒకటే గడప. ఆ గడప మూతపడితే అందరికీ మూతపడ్డట్టే. పోలీసు యాక్షన్ అయి ఏడాది కావస్తున్నా ఊళ్ల నుంచి పట్నానికి వచ్చే బండ్లు ఆగలేదు. రజాకార్ల కాలంలో ఇండ్లు కాలినవాళ్లు వచ్చారు. ఇప్పుడు పగలు మిలిటరీకీ, రాత్రి దళాలకూ జవాబు చెప్పలేనివాళ్లు వస్తున్నారు. పట్నంలో కిరాయికి గది కాదు, గోడ నీడ కూడా దొరకడం లేదు. అరుగుల మీద పడుకుంటున్నారు.

కచేరీలో ఓవర్సీరుగా నాకు కొత్త పని అప్పగించారు. వీధులకు హద్దు గీత నిర్ణయించారు. మురికినీటి మోరీలు తవ్వాలి. గీత దాటి ముందుకు వచ్చిన అరుగులకు ఎర్ర జాజుతో గుర్తు పెట్టాలి, తరువాత తీసేస్తారు. నూట యాభై గజాల కన్నా తక్కువ జాగాలో ఇల్లు కట్టుకోవడానికి అనుమతి లేదన్న ఉత్తర్వు ముందే ఉంది. ఊరు విడిచి వచ్చినవాళ్లకు నూట యాభై గజాలు ఎవరిస్తారు? కట్టుకోనివ్వనిదీ, అరుగు మీద పడుకోనివ్వనిదీ ఒకే బీరువాలోంచి వచ్చిన కాగితాలు. చిన్న జాగాలకు అనుమతి ఇవ్వమని పైకి రాశాను. జవాబు లేదు.

పని ఉండడం మంచిదే అవుతోంది.

అమృతను పలక మీద రోజూ ఏదో ఒకటి రాయించు.

రఘుపతి

*

తిరుమలగిరి,
20 సెప్టెంబరు 1949

బావా,

ఈ ఉత్తరం కోపంతోని రాస్తున్న. తప్పయితే క్షమించు.

మా ఊరి యాదగిరి నెయ్యి అమ్ముకునేందుకు నల్లగొండ వచ్చిండు. మీ బుచ్చయ్య దుకాణం కాడ కూచుంటే అక్కడి మనుషులు చెప్పుకుంటున్నరట. ఇంటాయన వచ్చి నచ్చత్రం మంచిగ లేదు, గదిల పోతే ఇల్లు మూతపడ్తది అన్నడట. ఆ తరువాత ఓవర్సీరు సారు పెండ్లాన్ని ఎత్తుకొచ్చి అరుగు మీద పండబెట్టిండట. ఇంకా పాణమున్నదట.

యాదగిరి ఈ మాట నా చెవిల చెప్తే నేను దాచుకుందును. అమ్మ ముందర చెప్పిండు. అమ్మ ఏడ్వలేదు. మెల్లగ అన్నది:

"నా బిడ్డను పాణముండంగనే పీనుగను జేసిండు. కిరాయి ఇంటికున్న ఇలువ నా బిడ్డకు లేకపాయె."

నేను నమ్మలేదు బావా. నీ సంగతి నాకు తెలుసు. కాని మల్ల నీ ఉత్తరం తీసి చూసిన. గడప దాటినంక పోయింది, దోషం లేదు, ధైర్యంగా ఉంటుంది అని నువ్వే రాసినవు. అది చదివితే ఏదో మంచిగైనట్టే ఉన్నది. మొదటి ఉత్తరంల ఏం రాసినవో చూద్దామంటే అది వాగుల పాయె. బుచ్చయ్య చెప్పిండని నువ్వే అండ్ల రాసినవని అమ్మ అంటది. లేదని నేనంట. రోజులు గడిచినకొద్ది నాకు గూడ గుర్తు పడ్తలేదు.

వచ్చే మాసికానికి వస్తనని యాదగిరితోని చెప్పినవట. రావద్దు. అమ్మ నిన్ను చూసే తీరుగ లేదు. అమృత ఇక్కడ్నే ఉంటది. నువ్వు కాపాడుకున్న ఇల్లు నీకు ఉన్నది గద, అని అమ్మ రాయమన్నది. రాసిన.

దశరథం

*

నల్లగొండ,
1 అక్టోబరు 1949

బావా,

బుచ్చయ్య వచ్చి అడిగిన మాట నిజం. నేనే ఎత్తుకుని బయటికి తెచ్చిన మాట నిజం. అప్పటికి ప్రాణం ఉన్న మాట కూడా నిజం. అంతకన్నా రాయలేను.

రావద్దన్నారు కనుక రాను.

యాదగిరి మళ్లీ వచ్చాడు. అతని చేతికి అమృత గౌను ఇచ్చాను. నిర్మల కుట్టింది. చేతులు కుట్టడం మిగిలిపోతే సోమమ్మ కుట్టింది. పిల్ల పెరిగి ఉంటే చెప్పండి, మడత విప్పడానికి గుడ్డ ఉంచింది.

రఘుపతి

*

తిరుమలగిరి,
18 డిసెంబరు 1949

బావా,

గౌను అందింది. జవాబు రాయడం ఆలస్యమైంది. మా ఊరి చుట్టు రెండు నెలలు గాలింపులు జరిగినయి. పోస్టు జవాను రాలేదు. పల్లికాయ సగం భూమిలనే ఉండిపోయింది. నాకు జర చేతికి దెబ్బ తగిలింది గాని ఫికర్ పడవద్దు, మానింది. ఎట్ల తగిలిందో ఉత్తరంల రాసేది కాదు.

గౌను చూడంగనే అమ్మ కుట్టు మీద వేలు పెట్టింది. "గీ చేతులు నా బిడ్డ కుట్టలే. ఎవరు కుట్టిన్రు?" అన్నది. సోమమ్మ అని చదివిన. సోమమ్మ ఎవరని అడిగింది. నాకు తెలియలేదు. యాదగిరిని అడిగితే, అదే ఇంట్ల ఉంటదట, పొద్దున సారుకు రొట్టెలిస్తది, నేను చూసిన అన్నడు. ఆమెకు మొగడున్నడో లేడో యాదగిరికి తెలియదు. అమ్మ గౌను మడిచి పెట్టెల పెట్టింది. అమృత వేసుకుంటనని ఏడ్చింది గాని ఇయ్యలేదు.

ఇది కాక ఇంకో మాట. బుచ్చయ్య అరుగు మీద ఎర్రగ గీత కొట్టి ఉన్నదట. ఎవరు కొట్టిన్రంటే ఓవర్సీరు సారే కొట్టిండని చెప్పిన్రట. ఆరో నెల మాసికం నాటికి ఎట్లనన్న చీటీ సంపాయించి, అమ్మ అక్కడికొచ్చి, ఆ అరుగు మీద దీపం పెడదామనుకున్నది. ఎన్నడు ఊరు దాటని మనిషి. నేనే వద్దన్న గాని ఆమె ఇనలేదు. ఇప్పుడు గీ మాట ఇన్నంక అంటది:

"బిడ్డను బయట పెట్టిండు. బయట పెట్టిన జాగ గూడ ఉండనియ్యడా?"

నేను నీ మీద కోపం పట్టుకుని ఉండలేకపోతున్న. ఇడిచిపెట్ట గూడ వస్తలేదు. జరిగింది జరిగినట్టు ఒకసారి రాయి. అమ్మకు చదివి వినిపిస్త. ఆమె ఏమన్నా పడు.

అమృతకు మేము ఇంకా చెప్పలేదు. నువ్వు చెప్తనన్నవు. ఇంతకు ముందు రోజూ అడుగుతుండె, అమ్మ ఎప్పుడొస్తదని. ఈ నెల సంది అడుగుతలేదు. ఎవరన్న చెప్పిన్రా, దానికే తెలిసిందా, అడిగేందుకు నాకు ధైర్యం లేదు.

దశరథం

*

నల్లగొండ,
2 జనవరి 1950

బావా,

చెయ్యి ఎట్లా ఉందో రాయి. దాచవద్దు.

సోమమ్మ జంగయ్య భార్య. జంగయ్య నిర్మలకు కట్టెలు మోసినవాడు. కట్టంగూరు పక్కన వాళ్ల ఊళ్లో ఇల్లు కాలిపోతే వచ్చి మా పక్క గదిలో ఉంటున్నారు. సోమమ్మ ఎవరో మొదటి ఉత్తరంలో రాశాను. వాళ్ల పిల్ల సంగతి కూడా రాశాను. అది చింపేశారు కనుక మళ్లీ రాస్తున్నాను. నా భోజనం సంగతి చూసే దిక్కు లేదని ఆమె పొద్దున రెండు రొట్టెలు ఇస్తుంది.

ఇక అత్తమ్మ అడిగినదానికి.

డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పిన మాట నిర్మల విన్నది. ఆ గోడలు పలచన. వాన పట్టుకున్నాక బుచ్చయ్య వచ్చాడు. గదిలోకి రాలేదు. వాకిట్లో నిలబడి, తడుస్తూనే రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సారూ, అనరాని మాట అంటున్న. నచ్చత్రం మంచిగ లేదట. లోపల జరిగితే గడపకు కంప గొట్టాలె. నాకు ఇంకో ఇల్లున్నది, నేను బతుకుత. గీ మూడు గదులోళ్లను గీ వానల ఏడికి పొమ్మందు?"

నేను ఆయన్ను పొమ్మన్నాను. గట్టిగానే అన్నాను. రుమాలు చుట్టుకుని పోయాడు. మనిషి చెడ్డవాడు కాడు. ఆయన చెప్పాడని నేను ఏమీ చెయ్యలేదు.

లోపలికి వచ్చేసరికి నిర్మల కళ్లు తెరిచి ఉంది. పక్క గదిలో సోమమ్మ పిల్ల ఏడుస్తోంది.

"మూడొద్దుల పిల్ల. వానల యాడ పెట్టుకుంటది? నన్ను బయటికి తియ్యి" అంది.

నీకేమీ కాదన్నాను.

"అబద్ధం చెప్పకు. నీకు రాదు."

నేను కదల్లేదు. అప్పుడు తానే లేవబోయింది. మోచేతి మీద లేచి ఒక కాలు మంచం కిందికి దించింది. అది నేలకు అందలేదు. ఇక చూడలేక ఎత్తుకున్నాను. బరువు లేదు. వీధి ద్వారం పొట్టిది. రోజూ నా నుదురు తగులుతుంది, రోజూ ఆమె నవ్వేది. ఆ పూట నా మెడ చుట్టూ చెయ్యి వేసి, "తల వంచు, తగుల్తది" అంది.

అరుగు మీద చూరు కింద పడుకోబెట్టాను. అరచెయ్యి బండకు ఆనించి కాసేపు ఉంది. తరువాత, "అమ్మకు లోపల్నే పోయిన అని చెప్పు" అంది. సరేనన్నాను. ఆ తరువాత మాట్లాడలేదు.

నీకు ఉత్తరం రాస్తూ ఆ అబద్ధం రాయబోయాను. లోపల అని రాస్తే, ఇల్లు విడిచావా అని మీరు అడుగుతారు. దానికి ఇంకొకటి చెప్పాలి. అమృతకు దోషమని అత్తమ్మ భయపడితే మరొకటి. నాకు చేతకాలేదు. అరుగు అని రాశాను. ఆమె నన్ను రెండు పనులు చెయ్యమంది. ఒకటే చేశాను.

మీరు నిందించినప్పుడైనా ఎందుకు చెప్పలేదంటే, ఆమే అడిగిందని రాస్తే ఆమె వెనక దాక్కున్నట్టు ఉంటుంది. అవునో కాదో చెప్పడానికి ఆమె లేదు. అందుకని ఊరుకున్నాను. అత్తమ్మ నన్ను అనడం నయమనిపించింది.

అరుగు సంగతి. గీత నేనే కొట్టాను. మా అరుగు మూరెడు ముందుకు ఉంది. ఆ రోజు కొలత గొలుసు రెండో కొస జంగయ్య పట్టుకున్నాడు. కచేరీలో కూలికి వస్తున్నాడు. "సారూ, గొలుసు జర ఇటు జరుపుదునా? ఎవరు చూస్తరు?" అని అడిగాడు. వద్దన్నాను. ఆ వీధిలో ప్రతి అరుగు మీదా ఒక కుటుంబం ఉంది. వాళ్ల పొయ్యిలు పక్కకు జరిపించి గుర్తులు పెట్టాను. నా ఒక్కటి ఎట్లా వదలను?

సోమమ్మ పిల్లకు నిర్మల అని పేరు పెడతామన్నారు. వద్దన్నాను. పిలిచినప్పుడల్లా తిరిగి చూడవలసి వస్తుంది.

ఇది అత్తమ్మకు చదివి వినిపించడం, మానడం నీ ఇష్టం.

రఘుపతి

*

తిరుమలగిరి,
28 జనవరి 1950

బావా,

చదివి వినిపించిన. అమ్మ మల్లొకసారి చదవమన్నది. చదివిన. లేచి కొట్టంలకు పోయి ఎడ్లకు నీళ్లు పెట్టింది. అది ఆమె పని కాదు. పొద్దుగూకేదాంక లోపలికి రాలేదు.

తెల్లారి పొయ్యి కాడ కూచుని, ఎవరితోనో అన్నట్టు అన్నది: "చిన్నప్పటిసంది గంతే అది. పక్కింటి పిల్ల చలికి ఏడుస్తే దీని చద్దరు తీసి ఇచ్చొచ్చింది. నేను కొట్టిన."

తరువాత నీకు రాయమని ఒక్కటే అడిగింది. బండ చల్లగ ఉండెనా? మీద ఏం కప్పినవు?

నిన్ను ఏమన్నా అనుమన్నదా అని అడుగుతవేమో. అనలేదు. మంచిగున్నది అని గూడ అనలేదు. నేను ఉన్నదున్నట్టు రాస్తున్న. ఇంటి కోసం కాదని ఆమెకు తెలిసింది. అయినా బిడ్డ బయట పోయింది గద, అది మారదు.

ఆ బండ తనకు కావాలన్నది. మోరీల వేయనియ్యొద్దన్నది. ఇక్కడ పెట్టుకుని దీపం పెడతదట. తేవస్తదా, రాదా, నీకే తెలుసు.

అమృత సంగతి. "వచ్చి బిడ్డకు చెప్పుమను. చెప్పినంక అది ఎటంటే అటు. వస్తనంటే తీస్కపోని. రానంటే నన్ను అడగొద్దు" అన్నది. అంతకన్న ఎక్కువ నేను అడగలేదు బావా.

మొన్న రిపబ్లిక్ అని క్యాంపుల జెండా ఎగరేసి పిల్లలందరికి మిఠాయి పంచిన్రు. అమృత సగం తిని సగం కాగితంల చుట్టి గూట్ల పెట్టింది. చీమలు పడ్తయి తినవే అంటే తల ఊపింది. ఎవరికోసమని నేను అడగలేదు.

చెయ్యి మంచిగనే ఉన్నది. రెండు వేళ్లు వంగుతలేవు, అంతే. రాత చూస్తే నీకు తెలుస్తనే ఉంటది.

ఇట్లు,
దశరథం

*

అర్వపల్లి,
8 ఫిబ్రవరి 1950

బావా,

ఈ చీటీ యాదగిరి చేత పంపుతున్నాను. అతను సైకిలు మీద ముందు వస్తాడు. పొద్దుగూకాక బండ్లను పోనివ్వడం లేదు కనుక నేనూ జంగయ్యా ఈ రాత్రి ఇక్కడే ఉంటాం.

అత్తమ్మ అడిగినదానికి ముందు జవాబు. బండ చల్లగా ఉంది. నా కోటు కింద పరిచాను. తన పెండ్లి శాలువా మీద కప్పాను. జల్లు పాదాల దగ్గర పడుతోంది, నేను అటు వైపు కూర్చున్నాను. పాదాలు నా ఒడిలో ఉన్నాయి. చివరిదాకా వెచ్చగానే ఉన్నాయి.

చిన్న జాగాలకు అనుమతి వచ్చింది. పట్నానికి తూర్పున సర్కారు బంజరులో, కుటుంబానికి నలభై గజాలు. మోకాలెత్తు రాతి పునాది ఉండాలని, గడ్డి కప్పు ఉండకూడదని షరతు. రాయి కొనేవాళ్లు ఎవరూ లేరు. తీసిన అరుగుల రాయి వాళ్లకే ఇవ్వమని రాస్తే ఒప్పుకున్నారు. ఈ అనుమతి నిర్మల ఉండగా వచ్చి ఉంటే ఆ కుటుంబాలు బుచ్చయ్య ఇంట్లో ఉండేవి కావు. ఈ మాట రోజూ తోస్తుంది. ఎవరితోనూ అనలేదు.

మా వీధి అరుగులు పోయిన వారం తీశారు. మాది నా ముందరే తీయించాను. ఆ బండ లేపుతుంటే రెండుగా పగిలింది. నిర్మల తల ఆనిన వైపు ముక్క బండిలో ఉంది. రెండోది సోమమ్మ అడిగింది. తన గడప కింద వేసుకుంటానంది. ఇచ్చాను. అత్తమ్మకు కష్టమనిపిస్తే చెప్పు, ఆమెను అడిగి తెస్తాను.

సూర్యాపేట దాటాక సిపాయిలు బండి ఆపారు. గడ్డి తీసి బండను తుపాకి మడమతో తట్టి చూశారు. ఇదేమిటని అడిగారు. ఇల్లు కడుతున్నాను, గడపకు తీసుకుపోతున్నాను అన్నాను. సరేనని వదిలారు. జంగయ్య నా మొఖం చూశాడు. నాకు అబద్ధం రాదని ఆమె అనేది. వస్తుందని ఇవాళ తెలిసింది. ఆ రోజు వచ్చి ఉంటే అత్తమ్మ ఇంతకాలం నిద్ర లేకుండా ఉండేది కాదు.

అమృతకు ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. అమ్మ దవాఖానలో ఉందనీ, దూరం పోయిందనీ నోటికి వస్తోంది. అవి చెప్పను. తనకు ముందే తెలిసి ఉంటే, నేను చెప్పేదాకా ఆగిందన్న మాట. తెలియకపోతే ఆ మిఠాయి ఎవరి కోసమో అదే చెబుతుంది. వస్తానంటుందేమోనని గది ఊడ్చి పెట్టి వచ్చాను. నిర్మల మంచం మీద కొత్త నులక అల్లించాను. రానంటే అత్తమ్మను అడగను.

రేపు పొద్దున బండ మీ వాకిట్లో దించి, మీ అరుగు మీద కూర్చుంటాను. లోపలికి రాను. అమృతను ఒక్కదాన్నే బయటికి పంపు. పక్కన కూర్చోబెట్టుకుని చెబుతాను.

రఘుపతి